రుబీడియం గీతలు లేజర్‌తో చూడటం ఎలా: గుంటల నుంచి బుడిపెల దాకా

"సార్, గుంటలు నాలుగూ వచ్చాయి, బుడిపెలు మాత్రం రావట్లేదు." రుబీడియం ఆవిరిలోంచి లేజర్ పంపి, అది ఏ రంగుల దగ్గర కాంతిని మింగుతుందో ఆసిలోస్కోప్ మీద చూసే ప్రయోగంలో ప్రతి సెమిస్టర్‌లోనూ ఈ మాట కనీసం నలుగురైదుగురి నోట వింటాను. ఆవిరి కాంతిని మింగిన చోట తెర మీది గీత కిందికి దిగుతుంది, అదే గుంట. ఆ గుంటలో పైకి లేచే సన్నటి మొనలే బుడిపెలు. కొందరికి అసలు గుంటలే రావు. ఇంకొందరికి అన్నీ వస్తాయి కానీ ఏది ఏ గీతో తెలియక రికార్డు ముందు కూర్చుని టెన్షన్ పడతారు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసేస్తే నయమనిపించింది.

మనలో చాలామంది డిగ్రీలో సోడియం దీపం, స్పెక్ట్రోమీటర్ ముందు పెట్టుకుని 589.0, 589.6 నానోమీటర్ల జంట పసుపు గీతల్ని చూసినవాళ్లమే. పౌనఃపున్యంలో చెబితే ఆ రెండింటి మధ్య ఎడం 500 గిగాహెర్ట్జ్ పైమాటే. ఇప్పుడు చూడబోయే గీతల మధ్య ఎడం కొన్ని పదుల నుంచి కొన్ని వందల మెగాహెర్ట్జ్. ఆ పాత స్పెక్ట్రోమీటర్‌తో ఇది అయ్యే పని కాదు. లేజర్ రంగునే సన్నగా జరుపుకుంటూ పోవాలి.

రుబీడియమే ఎందుకంటే అది బాగా మింగే రంగుల్లో ఒకటైన డీ2 గీత 780 నానోమీటర్ల దగ్గర ఉంది. సీడీ ప్లేయర్లలో వాడిన లేజర్ డయోడ్ రంగూ అదే. పాటలు వినడానికి లక్షల్లో తయారైన డయోడ్ల పుణ్యమా అని పరమాణువుల ప్రయోగం కాలేజీ బడ్జెట్‌కి అందింది. పైగా రుబీడియం గది వేడిలోనే కావలసినంత ఆవిరినిస్తుంది, కొలిమి అక్కర్లేదు.

థియరీ ఒక్క పేరాలో ముగిస్తాను. ఆవిరిలో పరమాణువులు అటూ ఇటూ పరిగెడుతుంటాయి కాబట్టి డాప్లర్ ప్రభావంతో ఒక్కో గీతా 500 మెగాహెర్ట్జ్ వెడల్పున అలుక్కుపోతుంది. అసలు గీత వెడల్పు 6 మెగాహెర్ట్జే. బలమైన పంప్ కిరణాన్ని ఒకవైపు నుంచి, బలహీనమైన ప్రోబ్ కిరణాన్ని ఎదురుగా పంపితే, రెండూ ఒకేసారి తగిలేది కిరణం దిశలో కదలిక లేని పరమాణువులకే. పంప్ వాటిని ముందే ఖాళీ చేస్తుంది కాబట్టి అక్కడ ప్రోబ్ కాస్త ఎక్కువగా బయటపడుతుంది. పెద్ద గుంట అడుగున కనిపించే చిన్న బుడిపె అదే. రెండు గీతలకు సరిగ్గా నడిమధ్యన కూడా ఒక బుడిపె వస్తుంది, దాన్ని క్రాస్‌ఓవర్ అంటారు. అక్కడ ఒక వేగంతో పోయే పరమాణువులకు పంప్ ఒక గీతలాగా, ప్రోబ్ రెండో గీతలాగా కనిపిస్తాయి.

కావలసినవి

- గ్రేటింగ్ అమర్చిన 780 నానోమీటర్ల ట్యూనబుల్ డయోడ్ లేజర్, దాని కరెంటు, టెంపరేచర్, పీజో కంట్రోలర్లు. గ్రేటింగ్ లేజర్ రంగుని ఎంచుతుంది, వోల్టేజి ఇస్తే కొద్దిగా సాగే పీజో ఆ గ్రేటింగ్‌ని జరుపుతుంది
- ఆప్టికల్ ఐసోలేటర్ (కాంతిని ముందుకే పోనిచ్చి వెనక్కి రానివ్వనిది)
- రుబీడియం ఆవిరి సెల్. 7.5 సెంటీమీటర్ల పొడవుది మామూలుగా దొరుకుతుంది
- 10 మిల్లీమీటర్ల మందం గాజు పలక, కోటింగ్ లేనిది
- అద్దాలు నాలుగైదు, ఒక 50:50 బీమ్ స్ప్లిటర్, న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లు (కాంతిని తగ్గించేవి)
- ఒకేలాంటి ఫోటోడయోడ్లు రెండు, వాటి తేడా తీసే చిన్న సర్క్యూట్
- రెండు చానళ్ల ఆసిలోస్కోప్, పవర్ మీటర్
- ఇన్‌ఫ్రారెడ్ కార్డు, ఇన్‌ఫ్రారెడ్ వ్యూయర్. వ్యూయర్ లేకపోతే ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ తీసేసిన పాత వెబ్‌క్యామ్ చక్కగా పనిచేస్తుంది
- 780 నానోమీటర్లకు సరిపోయే కళ్లద్దాలు

గ్రేటింగ్ లేని ఒట్టి డయోడ్ మాత్రమే ఉంటే? టెంపరేచర్‌తో 780 దగ్గరికి తెచ్చి కరెంటుతో స్కాన్ చేస్తే డాప్లర్ గుంటలు చూడొచ్చు, ఆ మేరకు అది మంచి ప్రయోగమే. బుడిపెలు మాత్రం ఆశించకండి. ఒట్టి డయోడ్ రంగు వెడల్పే పదుల మెగాహెర్ట్జ్ ఉంటుంది.

ముందు కళ్లు, తర్వాతే లేజర్

780 నానోమీటర్లు కంటికి మసక ఎరుపుగా, దాదాపు కనపడీ కనపడనట్టుగా ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పచ్చ లేజర్ కంట్లో పడితే రెప్ప టక్కున మూసుకుంటుంది, దీనికి మూసుకోదు. "చాలా డిమ్‌గా ఉంది సార్" అన్న కిరణంలో పదుల మిల్లీవాట్లు ఉండొచ్చు. పచ్చ లేజర్‌కి కొన్న కళ్లద్దాలు దీన్ని ఆపవు, అద్దం మీద రాసిన నానోమీటర్ల అంకె చదివాకే పెట్టుకోండి.

వాచీ, ఉంగరాలు, గాజులు, కంకణాలు తీసి జేబులో వేసుకోండి. కిరణం ఎత్తుకి తల ఎప్పుడూ తేవద్దు. కింద పడ్డ స్క్రూ తీసుకోవాలంటే బల్లకి వీపు తిప్పి వంగండి. కిరణాలన్నీ బల్లకు సమాంతరంగా ఒకే ఎత్తులో ఉండాలి. వదిలేసిన ప్రతి కిరణానికీ చివర ఒక నల్ల అట్ట అడ్డం పెట్టండి.

సెల్ పగిలితే తుడవబోవద్దు, నీళ్లు అసలే పోయొద్దు. రుబీడియం నీటితో భగ్గుమంటుంది. లోపల ఉండేది చిటికెడైనా లేకపోయినా సరే, పక్కకు జరిగి ల్యాబ్ ఇన్‌ఛార్జికి చెప్పండి.

అడుగులు

1. లేజర్ వెలిగించడం. టెంపరేచర్ కంట్రోలర్ ముందు, కరెంటు తర్వాత. డయోడ్ స్టాటిక్ కరెంటుకి చిటికెలో పోతుంది, దాని వైర్లు ముట్టుకోవలసి వస్తే మణికట్టుకి ఎర్త్ పట్టీ ఉండాలి. కరెంటు నెమ్మదిగా పెంచండి, డయోడ్ డేటా షీట్‌లో ఇచ్చిన గరిష్ఠ పరిమితిని కంట్రోలర్‌లో ముందే బిగించండి. తర్వాత కనీసం అరగంట వదిలేయండి. ఈ అరగంట ఓపిక లేనివాళ్లే మధ్యాహ్నమంతా జరిగిపోతున్న గీతల వెంట పరిగెడతారు. ఇంకో మాట: రంగు కోసం డయోడ్‌ని మరీ చల్లబరచకండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలం గాలిలో తేమకి 15 డిగ్రీల డయోడ్ మీద చెమట పట్టేస్తుంది.

2. రంగు వెతకడం. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. 780 దగ్గర 0.1 నానోమీటరు అంటే 50 గిగాహెర్ట్జ్. మనకు కావలసిన నాలుగు గుంటలూ కలిపి 7 గిగాహెర్ట్జ్ లోపే. అంటే చిన్న స్పెక్ట్రోమీటర్ "780.2" అని చూపించినా మీరింకా పక్క ఊళ్లో ఉండొచ్చు. కాస్త బలమైన కిరణాన్ని సెల్‌లోంచి పంపి, వెబ్‌క్యామ్‌ని పక్కనుంచి సెల్ మీద పెట్టండి. పీజోకి పెద్ద స్కాన్ ఇచ్చి, గ్రేటింగ్ స్క్రూని అతి నెమ్మదిగా తిప్పండి. సరైన రంగు తగిలిన క్షణాన సెల్ లోపల ఒక తెల్లటి దారం మినుకుమినుకుమంటుంది. గాజు మీద మెరిసే చుక్కలు కాదు, సెల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా గాలిలో గీసినట్టుండే గీత. అది ఒక్కసారి చూస్తే ఇక మరిచిపోరు. స్క్రూ తిప్పినా దొరక్కపోతే కరెంటు రెండు మూడు మిల్లీయాంపియర్లు మార్చి మళ్లీ మొదలుపెట్టండి, మధ్యలో మోడ్ హాప్ (లేజర్ ఒక రంగు నుంచి ఇంకోదానికి ఒక్కసారిగా గెంతడం) ఆ రంగుని దాటేస్తూ ఉండొచ్చు.

3. ఐసోలేటర్ సరిచూడటం. వెనక్కి తిరిగొచ్చిన కాంతి లేజర్‌లో దూరితే రంగు పిచ్చిపట్టినట్టు ఎగురుతుంది. ఐసోలేటర్ తర్వాత అద్దం పెట్టి కాంతిని కావాలనే వెనక్కి పంపండి. లేజర్ పవర్ మారకపోతే ఐసోలేటర్ సరిగ్గా ఉన్నట్టు.

4. ఒక్క ప్రోబ్‌తో గుంటలు. కిరణాన్ని గాజు పలక మీద 45 డిగ్రీల దగ్గర పడేయండి. ముందు తలం నుంచి ఒకటి, వెనక తలం నుంచి ఒకటి, రెండు బలహీన కిరణాలు సమాంతరంగా వస్తాయి. ఇవే మీ రెండు ప్రోబ్‌లు. పలక దాటి పోయిన బలమైనదాన్ని ప్రస్తుతానికి ఆపేయండి. ఒక ప్రోబ్‌ని సెల్‌లోంచి ఫోటోడయోడ్ మీదికి పంపి, స్కోప్‌ని పీజో ర్యాంప్‌తో ట్రిగర్ చేయండి. స్కాన్ వేగం 10 నుంచి 20 హెర్ట్జ్ చాలు.

ప్రోబ్ పవర్ ఎంత? రుబీడియానికి సాచురేషన్ తీవ్రత (ఇది దాటితే గీతలు బాగా ఉబ్బుతాయి) చదరపు సెంటీమీటరుకి సుమారు 1.6 మిల్లీవాట్లు. 2 మిల్లీమీటర్ల కిరణానికి లెక్కేస్తే 50 మైక్రోవాట్లు. కాబట్టి ప్రోబ్ 10 మైక్రోవాట్ల దగ్గర ఉండాలి, ఎక్కువైతే ఫిల్టర్ పెట్టండి. ఫోటోడయోడ్‌కి 100 కిలోఓమ్‌ల లోడ్ ఇస్తే అర వోల్టు దాకా సిగ్నల్ వస్తుంది.

5. గుంటల్ని గుర్తుపట్టడం. రుబీడియంలో బరువు తేడా ఉన్న రెండు రకాలు (ఐసోటోపులు) ఉంటాయి, 85, 87. కాంతిని మింగిన పరమాణువు కింది శక్తి స్థాయి నుంచి పై స్థాయికి ఎక్కుతుంది, ఎఫ్ అనేది ఆ స్థాయిల్ని గుర్తించే అంకె. తక్కువ పౌనఃపున్యం నుంచి ఎక్కువకి వరుస ఇది: రుబీడియం-87 (కింది స్థాయి ఎఫ్=2), రుబీడియం-85 (ఎఫ్=3), రుబీడియం-85 (ఎఫ్=2), రుబీడియం-87 (ఎఫ్=1). వాటి మధ్య ఎడాలు సుమారు 1.1, 2.9, 2.5 గిగాహెర్ట్జ్. అన్నిటికన్నా లోతు రెండోది, అన్నిటికన్నా చిన్నది నాలుగోది. సహజ రుబీడియంలో 72 శాతం 85, 28 శాతం 87 కాబట్టి మధ్య రెండూ పెద్దవిగా ఉండటం సబబే. మీ స్కోప్‌లో వరుస అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే కంగారు వద్దు, పీజో వోల్టేజి పెరిగితే పౌనఃపున్యం తగ్గేలా కట్టి ఉండొచ్చు. దగ్గరదగ్గరగా ఉన్న జంట ఏ వైపు ఉందో చూడండి, తక్కువ పౌనఃపున్యం అటే.

నాలుగూ ఒకే స్కాన్‌లో పట్టకపోతే రెండేసి చొప్పున తీయండి. గుంట సగంలో కత్తితో కోసినట్టు తెగితే అది మోడ్ హాప్. కరెంటు కొద్దిగా మార్చి దాన్ని స్కాన్ బయటికి నెట్టండి. ఇక్కడి దాకా బాగా రానిదే పంప్ జోలికి వెళ్లొద్దు.

6. పంప్‌ని ఎదురుగా తేవడం. పలక దాటిన కిరణాన్ని అద్దాలతో చుట్టూ తిప్పి సెల్ రెండోవైపుకి తెండి. ప్రోబ్‌కి ఎదురుగా, దాదాపు దాని మీదే పోవాలి. పంప్ పవర్ ప్రోబ్‌కి 5 నుంచి 10 రెట్లు, అంటే 50 నుంచి 100 మైక్రోవాట్లతో మొదలుపెట్టండి. "ఎక్కువ పెడితే ఎక్కువ వస్తుంది" అనే ఆశతో మొత్తం పవరూ పంపేస్తే గీతలన్నీ ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఎదురెదురుగా పెట్టడానికి నేను చెప్పే పద్ధతి: రెండు అట్టముక్కలకు చిన్న రంధ్రం చేసి సెల్‌కి అటూ ఇటూ పెట్టి, ప్రోబ్ రెండింట్లోంచీ పోయేలా సర్దండి. తర్వాత అట్టలు కదపకుండా పంప్‌ని అవే రంధ్రాల్లోంచి పంపండి. దూరపు రంధ్రానికి దగ్గర అద్దం, దగ్గరి రంధ్రానికి దూరం అద్దం తిప్పాలి. తిరగేస్తే ఒకటి సరిచేసేలోపు రెండోది చెడుతుంది. రెండు కిరణాల మధ్య కాస్త కోణం ఉంచక తప్పదు, లేకపోతే ప్రోబ్‌ని ఫోటోడయోడ్‌కి పట్టలేం. కానీ 20 సెంటీమీటర్ల దూరంలో 2 మిల్లీమీటర్లకన్నా ఎడం కానివ్వకండి. ఆ కోణానికే గీత కొన్ని మెగాహెర్ట్జ్ వెడల్పవుతుంది.

కోణం వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. పోలరైజింగ్ బీమ్ స్ప్లిటర్, సెల్, ఫిల్టర్, క్వార్టర్ వేవ్ ప్లేట్, అద్దం వరుసగా పెట్టి వచ్చిన కిరణాన్నే తిప్పి పంపడం. సామాను తక్కువ, సర్దడం తేలిక. రెండో ప్రోబ్ ఉండదు కాబట్టి గుంటని తీసేసి చూడటం మాత్రం కుదరదు.

7. కాగితం ముక్క పరీక్ష. బుడిపెలు కనిపించాయా? పంప్‌కి కాగితం అడ్డం పెట్టండి. బుడిపెలు మాయమై గుంట అలాగే ఉంటే అవి నిజమైనవి. కాగితం పెట్టినా ఉంటే అవి సెల్ గాజు పలకల మధ్య ఏర్పడ్డ ఫ్రింజ్‌లు (వెలుగు, చీకటి చారలు) గానీ, ట్యూబ్‌లైట్ 100 హెర్ట్జ్ మినుకు గానీ అయ్యుంటాయి. సెల్‌ని కాస్త వంచండి, లైట్లు ఆర్పండి. ఈ పరీక్షకి పట్టేది రెండు సెకన్లు, ఇది చేయకుండా ఎవరి గ్రాఫూ నేను చూడను.

8. గుంటని తీసేయడం. రెండో ప్రోబ్‌ని రెండో ఫోటోడయోడ్ మీదికి పంపి, ఒకదాన్నుంచి ఒకటి తీసేయండి. గెయిన్ సర్దుకుంటూ పోతే గుంట చదునై బుడిపెలు మాత్రమే నేల మీద నిలబడతాయి. తలకిందులుగా నిలబడ్డాయంటే పంప్ మీ రెండో ప్రోబ్ మీద పడుతోంది, లేదా తేడా తీసే వైర్లు అటూ ఇటూ అయ్యాయి.

9. స్కేలు గీయడం. స్కోప్ చూపించేది మిల్లీసెకన్లు, మనకు కావలసింది మెగాహెర్ట్జ్. పీజో సమానంగా కదలదు కాబట్టి ఒకే గుణకంతో మార్చేస్తే తప్పు. కొంచెం కాంతిని బీమ్ స్ప్లిటర్‌తో మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్‌లోకి పంపండి, ఒక చేయి రెండోదానికన్నా 50 సెంటీమీటర్లు పొడవు పెట్టండి. అప్పుడు ఫ్రింజ్‌కీ ఫ్రింజ్‌కీ ఎడం 300 మెగాహెర్ట్జ్. దాన్ని రెండో చానల్‌లో పక్కనే రికార్డ్ చేయండి. ఫాబ్రీ-పెరో (రెండు అద్దాల మధ్య కాంతిని అటూ ఇటూ తిప్పే ఇంటర్‌ఫెరోమీటర్) ఉంటే ఇంకా మంచిది.

సరిగ్గా వచ్చిందని తెలిసేదెలా

రుబీడియం-87 ఎఫ్=2 గుంట తీసుకోండి. ఆరు బుడిపెలు రావాలి, మూడు అసలువి, మూడు క్రాస్‌ఓవర్లు. ఎక్కువ పౌనఃపున్యం వైపు చివరన ఉండేది పై స్థాయి ఎఫ్=3. దానికి 133 మెగాహెర్ట్జ్ కింద పై స్థాయిలు 2, 3ల క్రాస్‌ఓవర్, ఇంకో 78 కింద 1, 3ల క్రాస్‌ఓవర్. ఈ రెండు క్రాస్‌ఓవర్లే అన్నిటికన్నా బలంగా కనిపిస్తాయి. "అసలు గీత చిన్నగా, దొంగ గీత పెద్దగా ఉందేంటి" అని చాలామంది తికమకపడతారు, అది మీ తప్పు కాదు.

స్కేలు గీయకముందే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. స్కోప్ తెర మీదే ఆ రెండు ఎడాల నిష్పత్తి చూడండి, 1.7 దగ్గర రావాలి. 1.5 లేదా 1.9 వస్తే పీజో వంకరగా కదులుతోంది, లేదంటే ఒక బుడిపెని ఇంకొకటి అనుకున్నారు. పై స్థాయిల అసలు ఎడాలు: 3, 2ల మధ్య 266.7 మెగాహెర్ట్జ్, 2, 1ల మధ్య 156.9.

వెడల్పు విషయంలో పుస్తకంలోని 6 మెగాహెర్ట్జ్ వస్తుందని ఎదురుచూడకండి. మొదటిసారికి 20 వస్తే బాగా చేసినట్టే. పంప్‌కి ఫిల్టర్లు ఒక్కొక్కటే కలుపుతూ వెడల్పు తగ్గుతోందో లేదో చూడండి. తగ్గుతుంటే అది పవర్ వల్ల వచ్చిన ఉబ్బు. ఎంత తగ్గించినా ఒకచోట ఆగిపోతే ఆ మిగిలింది కోణానిది, లేజర్‌ది. మూడు నాలుగు పవర్లకు వెడల్పు కొలిచి గ్రాఫ్ గీస్తే రికార్డులో దానంత విలువైన పేజీ ఇంకోటుండదు.

మాటిమాటికీ జరిగే పొరపాట్లు

గుంటల మధ్య ఎడాన్నే కింది స్థాయిల ఎడమని రాసేయడం. చదువుకునే రోజుల్లో నేనూ చేశాను. రుబీడియం-85 రెండు గుంటల మధ్య 2.9 గిగాహెర్ట్జ్ వచ్చింది, పుస్తకంలో 3.036 ఉంది. మైకెల్సన్ చేతుల పొడవు తప్పేమోనని రెండు రోజులు టేపుతో మళ్లీ మళ్లీ కొలిచాను. కొలతలో తప్పే లేదు. ఎఫ్=3 గుంటలో పెద్ద వాటా పై స్థాయి 4కి పోయే గీతది, ఎఫ్=2 నుంచి ఆ స్థాయికి దారే లేదు. రెండు గుంటల కేంద్రాలూ వేర్వేరు పై స్థాయిల వైపు లాగబడ్డాయి. కింది స్థాయిల ఎడం కావాలంటే రెండు గుంటల్లోనూ ఒకే పై స్థాయికి పోయే బుడిపెలు, ఉదాహరణకు పై స్థాయి 3వి, తీసుకుని వాటి మధ్య కొలవాలి.

తెలిసిన 266.7తో స్కేలు గీసి, ఆ స్కేలుతోనే 266.7 "కొలిచి", తప్పు శాతం సున్నా అని రాయడం ఇంకొకటి. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

సున్నా గీత మరచిపోవడం. ఎంత శాతం కాంతి సెల్ మింగింది అని లెక్క వేయాలంటే కిరణం పూర్తిగా ఆపినప్పుడు ఫోటోడయోడ్ ఎంత చూపిస్తోందో తెలియాలి. ప్రతి సెట్‌కీ ఒకసారి అట్ట అడ్డం పెట్టి ఆ గీతని కూడా సేవ్ చేయండి.

గుంట అడుగు పళ్లెంలా చదునుగా ఉంటే సెల్ వేడెక్కింది. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే రుబీడియం ఆవిరి దాదాపు మూడు రెట్లవుతుంది. ఏప్రిల్‌లో ఏసీ ఆగిన మధ్యాహ్నం తీసిన డేటా, ఉదయం తీసినదానితో కలవదు. రీడింగ్ పక్కన గది టెంపరేచర్ రాయమని అంటే విసుక్కుంటారు గానీ, అందుకే అడిగేది.

గుంటలన్నీ అనుమానంగా లోతు తక్కువై, అంచులు వణుకుతుంటే లేజర్ ఒకేసారి రెండు మోడ్‌లలో వెలుగుతోంది. రెండో మోడ్ కాంతిని సెల్ మింగదు, అది నేరుగా వచ్చి ఫోటోడయోడ్ మీద పడుతుంది. కరెంటు కొద్దికొద్దిగా మారుస్తూ లోతు హఠాత్తుగా పెరిగే చోటు పట్టుకోండి.

ఇక ముగించేటప్పుడు ముందు స్కాన్ ఆపండి, తర్వాత కరెంటు సున్నాకి దించండి, ఆఖర్న టెంపరేచర్ కంట్రోలర్. తాళం తీసి ఇచ్చేముందు డయోడ్ టెంపరేచర్, కరెంటు, పీజో వోల్టేజి మూడంకెలూ నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు అవే అంకెలు పెట్టి అరగంట ఆగితే ఆ తెల్ల దారం కోసం మళ్లీ స్క్రూ తిప్పుతూ కూర్చోనక్కర్లేదు, మహా అయితే కరెంటు ఒక మిల్లీయాంపియర్ అటో ఇటో జరపాలి.